డబ్బు ఎన్నాళ్లకు తిరిగొచ్చింది?



"వ్యాపారం ఎలా ఉందండీ?" అని అడిగితే మనవాళ్లు చెప్పే జవాబులు రెండే. ఒకటి, "ఏదో అలా నడుస్తోంది." బాగా నడుస్తున్నా ఇదే మాట, దెబ్బతిన్నా ఇదే మాట. దిష్టి తగులుతుందని కొంత, పన్నులవాళ్ల చెవిన పడుతుందని కొంత, చందాలవాళ్లు వస్తారని మిగతాది. రెండో జవాబు కాస్త చనువున్నవాళ్లకు చెప్పేది. "ఈ ఏడు రెండు కోట్లు చేశాం." ఆ రెండు కోట్లు లాభం కాదు, అమ్మకం. దానికే టర్నోవర్ అని పేరు. చిన్న పరిశ్రమ నడిపే మనిషి తన వ్యాపారాన్ని తాను కొలుచుకోవడానికి చాలాసార్లు ఈ ఒక్క అంకె మీదే ఆధారపడతాడు. నాకు ఈ అంకె మీద నమ్మకం తక్కువ. ఎందుకో ఈ కాసేపట్లో చెబుతాను.

అసలు టర్నోవర్‌కి ఇంత పెద్దపీట వేసింది ఎవరు? ప్రభుత్వం వేసింది, బ్యాంకు వేసింది. సూక్ష్మ, చిన్న, మధ్య తరహా సంస్థల చట్టం 2006లో వచ్చినప్పుడు యంత్రాల మీద పెట్టిన పెట్టుబడినే చూసేవారు. 2020 జులై నుంచి అమ్మకం కూడా లెక్కలోకి వచ్చింది. 2025 ఏప్రిల్ 1 నుంచి ఆ హద్దులు ఇంకా పెంచారు. ఇప్పుడు పెట్టుబడి రెండున్నర కోట్లు, అమ్మకం 10 కోట్లు దాటకపోతే సూక్ష్మ సంస్థ. 25 కోట్లు, 100 కోట్లు దాటకపోతే చిన్నది. 125 కోట్లు, 500 కోట్ల లోపు మధ్య తరహా. ఇవన్నీ సైజు చెప్పే కొలతలు. చొక్కా సైజు చూసి మనిషి ఆరోగ్యం చెప్పలేం కదా.

బ్యాంకు సంగతి ఇంకా ఆసక్తికరం. పి.ఆర్. నాయక్ అధ్యక్షతన రిజర్వు బ్యాంకు వేసిన కమిటీ 1992లో ఒక తేలిక లెక్క చెప్పింది. చిన్న పరిశ్రమకు ఏడాది అమ్మకంలో నాలుగో వంతు చేతిలో తిరిగే పెట్టుబడి కావాలి. అందులో అమ్మకంలో 20 శాతం బ్యాంకు ఇస్తుంది, 5 శాతం యజమాని పెట్టుకోవాలి. రెండు కోట్లు అమ్ముతానంటే 50 లక్షలు కావాలన్నమాట. 40 లక్షలు బ్యాంకువి, 10 లక్షలు మీవి. కాగితాల గుట్టలు అడక్కుండా చిన్నవాడికి అప్పు పుట్టించిన లెక్క ఇది. దాన్ని తప్పుపట్టను. కానీ దానివల్ల ఒక అలవాటు పుట్టింది. బ్యాంకు ఇచ్చే అప్పు లిమిట్ పెరగాలంటే టర్నోవర్ పెరగాలి. అందుకని మార్చి నెలలో బావమరిది కంపెనీకి ఒక బిల్లు, మళ్లీ అక్కడి నుంచి ఇక్కడికి ఒక బిల్లు. సరుకు కదలదు, అంకె మాత్రం కదులుతుంది. జీఎస్టీ వచ్చాక ఈ ఆట కష్టమైంది. మోజు మాత్రం పోలేదు.

ఆ లెక్క లోపల ఇంకొక విషయం దాగి ఉంది. నాలుగో వంతు చాలు అంటే, డబ్బు ఏడాదికి నాలుగుసార్లు తిరిగి వస్తుందని ముందే ఒప్పేసుకున్నట్టు. అంటే మూడు నెలలకొకసారి. నిజంగా అందరి డబ్బూ మూడు నెలలకు తిరిగొస్తుందా?

పలాస వెళ్దాం. శ్రీకాకుళం జిల్లాలో పలాస, కాశీబుగ్గ జంట ఊళ్లలో అడుగుపెడితే జీడిపిక్క కాలుతున్న వాసన వస్తుంది. ఉద్దానం తోటల్లో పిక్క మార్చి నుంచి మే దాకా వస్తుంది. ఏడాది పొడుగునా ఫ్యాక్టరీ నడవాలంటే ఆ మూడు నెలల్లోనే కొని గోడౌన్‌లో పెట్టాలి. లేదా ఆఫ్రికా దేశాల నుంచి వచ్చే పిక్క కోసం ఎదురుచూడాలి. ఏప్రిల్‌లో కొన్న పిక్క డిసెంబరులో పప్పయి, ఆ పప్పు డబ్బు ఫిబ్రవరిలో చేతికొస్తే, ఆ రూపాయి పది నెలలు బయటే ఉన్నట్టు. మూడు నెలల లెక్క ఆ ఫ్యాక్టరీ యజమానికి ఏం పనికొస్తుంది?

ఇద్దరు జీడిపప్పు వ్యాపారుల్ని ఊహించుకుందాం. అంకెలు నేను వేసుకున్నవి, ఎవరివీ కావు. మొదటి ఆయన ఏడాదికి 2 కోట్లు అమ్ముతాడు. పిక్క, కూలి, కరెంటు, రవాణా అన్నీ పోగా వడ్డీకి ముందు 12 లక్షలు మిగిలాయి. గోడౌన్‌లో ఉన్న సరుకు, ఊళ్ల మీద ఉన్న బాకీలు కలిపి 80 లక్షలు ఎప్పుడూ ఇరుక్కునే ఉంటాయి. రెండో ఆయన 1 కోటి 20 లక్షలే అమ్ముతాడు. మిగిలింది 9 లక్షలు. ఇరుక్కున్నది 30 లక్షలు. పెళ్లిలో ఎవరికి ముందు వరస కుర్చీ వేస్తారో మీకు తెలుసు. ఇప్పుడు 11 శాతం వడ్డీ తీయండి. అప్పు తెచ్చిన డబ్బుకైనా, సొంత డబ్బుకైనా తీయాల్సిందే, ఎందుకంటే సొంత డబ్బు బయట వేసినా ఎంతో కొంత వచ్చేది. మొదటి ఆయనకు 8 లక్షల 80 వేలు వడ్డీకే పోయి, 3 లక్షల 20 వేలు మిగిలింది. రెండో ఆయనకు 3 లక్షల 30 వేలు పోయి, 5 లక్షల 70 వేలు మిగిలింది.

ఇక్కడితో ఆపకండి. మొదటి ఆయన దగ్గర ఆయన, భార్య, కొడుకు ముగ్గురూ పొద్దుటి నుంచి రాత్రి దాకా ఫ్యాక్టరీలోనే ఉంటారు. జీతం లేదు. "మన వ్యాపారంలో మనకు జీతమేంటి?" అంటారు. నెలకు మనిషికి 15 వేలు వేసినా ఏడాదికి 5 లక్షల 40 వేలు. అంటే ఆయన 2 లక్షల 20 వేలు నష్టంలో ఉన్నాడు, రెండు కోట్ల టర్నోవర్ చేస్తూ. రెండో ఇంట్లో భార్యాభర్తల కష్టం 3 లక్షల 60 వేలు తీసేసినా 2 లక్షల 10 వేలు మిగిలింది. ఇంట్లోవాళ్ల కష్టానికి లెక్క కట్టని చోట లాభం అనే మాటకు అర్థం లేదు. ముఖ్యంగా ఆడవాళ్ల కష్టం. కూలి పుస్తకంలో వాళ్ల పేరుండదు, ముగ్గురు మనుషుల పని మాత్రం ఉంటుంది.

ఇప్పుడు యజమానులు నన్ను అడుగుతారు. ఇవన్నీ ఏడాది చివర ఆడిటర్ గారు చెప్పే కబుర్లు కదా, రోజూ చూసుకోవడానికి ఏముంది? ఉంది. నిజానికి ఈ విషయంలో పలాసవాళ్లకు ఎవరూ నేర్పక్కర్లేదు. పిక్క కొనేటప్పుడు వాళ్లు చేసే పరీక్ష చూడండి. లోడులో నాలుగైదు చోట్ల నుంచి పిక్క తీసి కలిపి, ఒక కిలో తూస్తారు. ముందు ఆ కిలోకు ఎన్ని పిక్కలొచ్చాయో లెక్కపెడతారు. తక్కువ వస్తే పిక్క పెద్దదన్నమాట. తర్వాత ఒక్కొక్కటీ కత్తితో రెండు చెక్కలు చేస్తారు. మంచి పప్పు ఒక పళ్లెంలో, మచ్చ పడింది ఇంకొక దానిలో, పుచ్చిందీ తాలూ పక్కన. మంచిదాన్ని పూర్తిగా, మచ్చదాన్ని సగంగా లెక్కలోకి తీసుకుంటారు. మంచి పప్పు 260 గ్రాములు, మచ్చది 20 గ్రాములు వచ్చిందనుకోండి. మొత్తం 270. దాన్ని 80 కిలోల బస్తాకు వేస్తే 21 కిలోల 600 గ్రాములు. ఈ వ్యాపారం మాట్లాడే భాషలో అది నలభై ఏడున్నర పౌండ్లు. ప్రపంచ మార్కెట్‌లో జీడిపిక్క బేరమాడేది ఎక్కువగా ఈ కొలతతోనే.

కొనేటప్పుడు ఇంత నిక్కచ్చిగా ఉన్న మనిషి, కొన్నాక ఫ్యాక్టరీలో అదే బస్తా నుంచి ఎన్ని పౌండ్లు వచ్చాయో చాలాసార్లు రాసుకోడు. కాల్చడం ఎక్కువైంది, కొంత మాడింది. ఆరబెట్టడం తక్కువైంది, పొట్టు రాలేదు, గోకితే పప్పు విరిగింది. కొంత నేలపాలైంది, కొంత ఎలకలపాలైంది. నలభై ఏడున్నర రావాల్సిన చోట నలభై ఐదు వచ్చింది. తేడా కిలోకు పైనే. కిలో 700 అనుకున్నా బస్తాకు 800 రూపాయలు. నెలకు 60 బస్తాలు కొట్టే చిన్న ఫ్యాక్టరీకి ఏడాదికి ఐదున్నర లక్షలు దాటుతుంది. ఇందాక రెండో ఆయనకు వడ్డీ పోగా మిగిలిందన్నానే, ఇంచుమించు అంత. కొత్త షాపు పట్టక్కర్లేదు, కొత్త అప్పు తేనక్కర్లేదు. రోజూ రాసుకుంటే ఎక్కడ పోతోందో తెలుస్తుంది.

పప్పు ఎంత వచ్చిందో ఒకటైతే, ఎలా వచ్చిందో ఇంకొకటి. గుండు పప్పు వేరు, బద్ద వేరు, ముక్క వేరు. పౌండుకు 240 లోపు గుండ్లు తూగితే డబ్ల్యూ 240 అంటారు, 320 లోపు అయితే డబ్ల్యూ 320. గుండు విరిగి బద్దయిన క్షణాన ధర పడిపోతుంది, బరువు మాత్రం అంతే. కాబట్టి బరువొక్కటే కొలిచే ఫ్యాక్టరీకి ఈ నష్టం కనిపించదు. కిలో లెక్కన కూలి ఇచ్చే చోట పొట్టు తీసే ఆడవాళ్ల చేతులు వేగంగా కదులుతాయి, గుండ్లు విరుగుతాయి. వాళ్ల తప్పు లేదు. మీరు దేనికి డబ్బిస్తే అదే వస్తుంది. గుండుకు కాస్త ఎక్కువ కూలి పెట్టి చూడండి, అవే చేతులు నెమ్మదిస్తాయి. కొలత పెట్టే ముందు, దీనివల్ల పనిచేసే మనిషి ఏం మార్చుకుంటాడు అని ఒకసారి ఆలోచించుకోవాలి. పెద్ద కంపెనీలు కూడా ఇక్కడే బోల్తా పడతాయి.

పోయినేడుతో పోల్చుకోవడం అనే అలవాటు గురించి కూడా ఒక మాట. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. ఉద్దానంలో కొబ్బరి, జీడి చెట్లు నేలకొరిగాయి. జీడిమొక్క మళ్లీ కాపుకు రావాలంటే కొన్నేళ్లు పడుతుంది. ఆ తర్వాతి ఏడు అమ్మకం తగ్గిన వ్యాపారి అసమర్థుడా? అలాగే, ధర పెరిగిన ఏడాది అమ్మకం పెరిగిందని చెప్పుకునేవాడు సమర్థుడా? బస్తాకు ఎన్ని పౌండ్లు, అందులో గుండు ఎంత శాతం, డబ్బు ఎన్ని రోజులకు తిరిగింది అనే లెక్కలకు తుపానుతోనూ, ధరతోనూ అంత పని లేదు. అవి మీ చేతిపనిని చెబుతాయి.

ఇక హైదరాబాద్ వద్దాం. బాలానగర్. ఒకవైపు ఐడీపీఎల్, ఇంకోవైపు హెచ్ఏఎల్ లాంటి ప్రభుత్వరంగ సంస్థల నీడలో పెరిగిన చిన్న చిన్న షెడ్లు. లేతులు, మిల్లింగ్ మిషన్లు, ఇప్పుడు సీఎన్‌సీలు. ఇక్కడ పిక్కా లేదు, సీజనూ లేదు. ఇక్కడి జబ్బు బాకీ.

జాబ్ వర్క్ చేసి పంపిస్తారు. బిల్లు వేస్తారు. ఆ రోజే అది అమ్మకం అయిపోయింది, లాభమూ పుస్తకంలోకి ఎక్కింది. 10 లక్షల బిల్లు మీద 18 శాతం పన్నయితే 1 లక్షా 80 వేలు. కొన్న సరుకు మీద కట్టిన పన్ను మినహాయించుకుని మిగతాది వచ్చే నెల 20 లోపు కట్టాలి. కొన్నవాడు డబ్బిచ్చాడా లేదా అని జీఎస్టీ అడగదు. శనివారం కుర్రాళ్లకు కూలి ఇవ్వాలి. పని ఇచ్చిన పెద్ద కంపెనీకి ఫోన్ చేస్తే, "సరుకు ఇంకా ఇన్‌స్పెక్షన్ కాలేదు సార్, వచ్చే వారం చూద్దాం." పుస్తకంలో లాభం ఉన్న షెడ్డుకు, చేతిలో రొక్కం లేక తాళం పడటం ఇలాగే జరుగుతుంది. నష్టం వల్ల మూతపడ్డవి మనకు కనిపిస్తాయి. లాభంలో ఉండి ఊపిరాడక మూతపడ్డవి ఎవరి లెక్కలోకీ రావు.

ఇక్కడ కొలత చాలా తేలిక. రావాల్సిన మొత్తం బాకీని ఏడాది అమ్మకంతో భాగించి, 365తో గుణించండి. కోటిన్నర అమ్మకానికి 30 లక్షల బాకీ ఉంటే 73 రోజులు. అంటే మీరు ఆ పెద్ద కంపెనీకి రెండున్నర నెలలు వడ్డీ లేకుండా అప్పిచ్చారు. వాళ్ల కంటే ఎక్కువ వడ్డీకి మీరు తెచ్చి మరీ ఇచ్చారు. అయితే సగటు ఒక్కటే చూస్తే మోసపోతాం. పదిమంది 30 రోజులకు ఇచ్చి, ఒక్కడు 300 రోజులు ఎగ్గొట్టినా సగటు మర్యాదగానే కనిపిస్తుంది. అందుకని బాకీలను వయసు వారీగా విడగొట్టాలి. 30 రోజుల లోపు ఎంత, 45 దాకా ఎంత, 90 దాటింది ఎంత. 90 దాటిన దాన్ని ఆస్తిగా రాసుకోవడం మన మనసుకు మనం చెప్పుకునే ఓదార్పు.

45 రోజులు అని ఊరికే అనలేదు. 2006 చట్టం 15వ సెక్షన్ ప్రకారం, సూక్ష్మ, చిన్న సంస్థ దగ్గర కొన్నవాడు ఒప్పందం ఎలా ఉన్నా 45 రోజులు దాటకుండా డబ్బివ్వాలి. ఒప్పందం లేకపోతే 15 రోజులు. దాటితే రిజర్వు బ్యాంకు ప్రకటించే బ్యాంకు రేటుకు మూడింతలు వడ్డీ, అదీ నెలనెలా చక్రవడ్డీ. ఇన్‌స్పెక్షన్ కాలేదనే సాకుకూ చట్టంలో జవాబుంది. సరుకు అందిన 15 రోజుల్లో రాతపూర్వకంగా అభ్యంతరం చెప్పకపోతే, అందిన రోజే ఒప్పుకున్నట్టు. పైగా 2023 ఫైనాన్స్ చట్టంతో ఆదాయపు పన్నులో ఇంకొక మెలిక పెట్టారు. గడువులోపు ఇవ్వని డబ్బును, నిజంగా చెల్లించిన ఏడాది దాకా కొన్నవాడు ఖర్చుగా చూపుకోలేడు. అయితే ఈ గడువు రక్షణ సూక్ష్మ, చిన్న సంస్థలకే. మధ్య తరహావాళ్లకు లేదు. 2021 జులై నుంచి సరుకు కొని అమ్మే వ్యాపారులకు కూడా ఉద్యమ్ నమోదు, అంటే ఈ చట్టం కింద ప్రభుత్వం చేసే నమోదు, ఇచ్చినా, అది బ్యాంకు అప్పుల కోసమే, బాకీల వసూలుకు పనికిరాదు.

ఇంత చట్టం ఉండి ఎందుకు వాడుకోరు? అడిగితే ఒకటే సమాధానం. "కేసు వేస్తే రేపటి నుంచి ఆర్డరు ఉండదండీ." అది నిజమే. అందుకే ఇంకొక కొలత కావాలి. మీ అమ్మకంలో ఒక్క కొనుగోలుదారు వాటా ఎంత? 70, 80 శాతం ఒక్కడి దగ్గరే ఉంటే, చట్టం ఎంత గట్టిదైనా మీ నోరు పెగలదు. ఆ శాతం ఏటా తగ్గుతోందంటే మీ వ్యాపారం బాగుపడుతోందని నేను ఒప్పుకుంటాను, ఆ ఏడు టర్నోవర్ పెరగకపోయినా సరే.

వ్యాపారాన్ని కొలవడానికి మేనేజ్‌మెంట్ పుస్తకాల్లో పెద్ద శాస్త్రమే ఉంది. రాబర్ట్ కప్లాన్, డేవిడ్ నార్టన్ అనే ఇద్దరు అమెరికన్లు 1992లో హార్వర్డ్ బిజినెస్ రివ్యూలో రాసిన వ్యాసంలో, డబ్బు లెక్కలు జరిగిపోయినదాన్నే చెబుతాయి, కాబట్టి కొనేవాళ్ల తృప్తి, లోపలి పని తీరు, నేర్చుకునే శక్తి కూడా కొలవాలన్నారు. ఆలోచన మంచిదే. పదిమంది పనిచేసే షెడ్డులో ఆ పట్టికలన్నీ నింపడానికి పదకొండో మనిషిని పెట్టుకోవాలి. కప్లాన్, నార్టన్ చెప్పిన నాలుగోదానికి, నేర్చుకునే శక్తికి, మన పద్ధతిలో ఒకే ప్రశ్న చాలు. అక్క కూతురి పెళ్లికి యజమాని వారం రోజులు ఊరెళ్తే షెడ్డు నడుస్తుందా? రేటు ఎవరు చెబుతారు, చెక్కు మీద ఎవరు సంతకం పెడతారు, మిషన్ ఆగితే ఎవరు సరిచేస్తారు? యజమాని వారం లేకపోతే ఆగిపోయేది వ్యాపారం కాదు, జీతం రాని ఉద్యోగం.

బ్యాంకులు చూసే సిబిల్ ర్యాంకు కూడా ఉంది, 1 నుంచి 10 దాకా. 1 వస్తే మంచిది. అప్పు ఎగ్గొడతారా లేదా అన్నది వాళ్ల భయం, ఆ భయాన్ని కొలిచే అంకె అది. వాయిదాలు సకాలంలో కట్టి దాన్ని కాపాడుకోండి. అంతకు మించి దాన్ని పట్టించుకోనక్కర్లేదు.

కిరాణా కొట్టువాళ్లు, కర్రీ పాయింట్లవాళ్లు ఇదంతా మాకు కాదనుకోవచ్చు. కర్రీ పాయింట్‌లో రాత్రి తొమ్మిదిన్నరకు ఏ గిన్నెలో ఎంత మిగిలిందో రాసుకుంటే చాలు, పదిహేను రోజుల్లో మంగళవారం గుత్తి వంకాయ ఎంత వండాలో తెలిసిపోతుంది.

ఇక నేను అడిగేది ఇంతే. ఒక నోటు పుస్తకం పెట్టండి. కంప్యూటర్ ఉన్నా సరే, పుస్తకమే పెట్టండి, మీ చేత్తోనే రాయండి. ప్రతి సోమవారం పొద్దున షట్టరు ఎత్తగానే నాలుగు అంకెలు. పోయిన వారం నిజంగా చేతికొచ్చిన డబ్బు, అమ్మకం కాదు. 45 రోజులు దాటిన బాకీ. బస్తాకు ఎన్ని పౌండ్లో, వందకు ఎన్ని పీసులు వెనక్కొచ్చాయో, మీ పనిని బట్టి ఒక అంకె. ఇవాళ్టి నుంచి ఒక్క రూపాయి రాకపోతే జీతాలు, కరెంటు, వాయిదాలు ఎన్ని రోజులు కట్టగలరో ఇంకొకటి. మూడు నెలలు రాసి, ఇంట్లోవాళ్ల ముందు తెరిచి చదవండి.

ఇప్పటినుంచి వేసే ప్రతి బిల్లు మీద మీ ఉద్యమ్ నంబరు, డబ్బు ఇవ్వాల్సిన గడువు తేదీ రెండూ అచ్చు వేయించండి. ఖర్చు ఒక రబ్బరు స్టాంపు.